మద్దిరేవులో నీడ కొనుక్కున్నాం

నమోదు 1, పూర్వాషాఢ కార్తె

ముప్పై ఏళ్లు లిఫ్టుల డ్యూటీ చేసినదాన్ని. పొద్దు గూకేసరికి ఆ రోజు ఏం జరిగిందో చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మేడల్లో అయితే గోడకు చెబితే గోడే రాసుకునేది. ఇక్కడి గోడలు వెదురు పలకలు, వాటికి చెవుల్లేవు. అందుకని చెప్పింది రాసుకునే పాత డ్యూటీ పలకను మెడలో వేసుకునే వచ్చాను. ఇకనుంచి దీనికే చెబుతాను.

పడవ దిగాం. సామాను సగం తడిసింది. మా ఆయన సూర్యప్రకాశం గారు రేవు మెట్ల మీద కూర్చుని, నన్నూ, నదినీ, పడవవాణ్ణీ వరసగా తిట్టారు. నేను పట్టించుకోలేదు. ఎదురుగా మద్ది చెట్టు. దాని నీడలో, నాలుగు వైపులా రాళ్ల మీద నిలబెట్టిన చెక్క స్తంభాలపైన మా ఇల్లు. ముందు వరండా, మధ్యలో గది, వెనక వంటగది. గదికి కిటికీ.

కిటికీ తెరిచాను. తెరుచుకుంది. మళ్లీ మూసి, మళ్లీ తెరిచాను. నలభై అంతస్తుల మేడలో పుట్టి, అక్కడే పెళ్లి చేసుకుని, ఒక్కసారీ తెరుచుకోని నల్లటి అద్దాల వెనక యాభై నాలుగేళ్లు బతికాను. ఈ చెక్క తలుపు కిర్రుమంటే నాకు ఏడుపొచ్చింది. ప్రకాశం గారు చూడకుండా ముఖం తుడుచుకున్నాను.

బేరగాడు బులిరాజు మాతోపాటే వచ్చాడు. మద్దిరేవులో నేల ఎవరికీ అమ్మరు, నేల నదిది. ఇక్కడ అమ్మేది నీడ. ఒక చెట్టు, దాని కింద పడే నీడ, ఆ నీడలో ఒక ఇల్లు.

"ఈ ఏడాది కాపరం చేసుకోండమ్మా. రోహిణి కార్తెలో నీడ అమీను గారొచ్చి మిట్టమధ్యాహ్నం కొలుత్తారు. ఇల్లంతా నీడలో ఉంటే పట్టా మీ చేతిలో ఎడతారు," అన్నాడు.

"లేకపోతే?" అన్నారు మా ఆయన.

"లేకపోటమేంటండి బాబూ! చూడండి, నీడ ఇల్లు దాటేసి పెరడంతా ఎలా పరుచుకుందో!"

నిజమే. నీడ వంటగది దాటి, పెరడు దాటి, వెనక కంచె దాకా పోయింది. మేడలో మా గది అప్పజెప్పేసి వచ్చాం. వదిలేసిన గది మళ్లీ ఇవ్వరు. వెనక్కి వెళ్లినవాళ్లకు దొరికేది నేలమాళిగలో, చలవ యంత్రాలు వేడి కక్కే చోటు. కానీ ఇంత నీడ ఉండగా వెనక్కి ఎందుకు వెళతాం?

నమోదు 5, ధనిష్ఠ కార్తె

పొరుగింటి గవర్రాజు గారితో పరిచయమైంది. వయసు డెబ్బై దాటింది, మనిషి తాడిమానులా ఉంటారు. ఆయనది నిద్రగన్నేరు చెట్టు. నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. తొలి రోజు పులస లేదని నొచ్చుకుంటూ బొమ్మిడాయిల పులుసు పంపించారు. మా ఆయన మేడల్లో పెంచిన చేప తప్ప ఎరగరు. గిన్నె నాకి, "మనం ముందే రావాల్సింది," అన్నారు. రేవు మెట్ల మీద తిట్టిన తిట్లు ఆయనకు గుర్తు లేవు.

ఆయనకు ఇప్పుడు ఒక పిచ్చి పట్టుకుంది. గుమ్మడికాయ ఒడియాలు. గవర్రాజు గారి ఇంట్లో తిన్న దగ్గర్నుంచి తనూ పెడతానని కూర్చున్నారు. పిండి రుబ్బడం నా పని, పెట్టడం ఆయన పని, గొప్ప కూడా ఆయనదే. కష్టమల్లా ఎండ వెతుక్కోవడమే. మా నీడ అంత పెద్దది. తెల్ల ముసుగు కప్పుకుని, గుడ్డ భుజాన వేసుకుని, కంచె దాటి అవతలి ఇసుక దాకా నడిచి ఒడియాలు ఎండబెట్టి వస్తున్నారు.

"పేరు సూర్యప్రకాశం, ఎండ కోసం ఊరి పొలిమేర దాకా నడక," అన్నాను.

"నవ్వవే నవ్వు. వేయించినప్పుడు నీకు పెడితే ఒట్టు," అన్నారు.

నమోదు 9, పూర్వాభాద్ర కార్తె

మద్ది ఆకు రాలుస్తోంది. పొద్దున లేచేసరికి వరండా నిండా ఆకులు. ప్రకాశం గారు చెట్టు చచ్చిపోతోందని నిర్ణయించేసి, నేలమాళిగలో ఏ మూల మంచం వేసుకోవాలో కూడా లెక్కలు మొదలుపెట్టారు. నేను మొదలు దగ్గరికి వెళ్లి బెరడు తట్టి చూశాను. లిఫ్టు మోటారు పాడవబోతుంటే చేతికి తెలుస్తుంది. చెట్టు సంగతి నాకేం తెలుస్తుంది?

గవర్రాజు గారు వల బాగుచేసుకుంటూ కేకేశారు: "బెంగెట్టుకోకు చెల్లెమ్మా, బట్టలు మార్చుకుంటాది అంతే."

నాకు ఊపిరి వచ్చింది. ఇంత తెలిసినవారు కదా అని ఇంకో మాట అడిగాను: "రోహిణికి నీడ నిండుగా ఉంటుందా అన్నయ్యగారూ?"

ఆయన వలలోంచి తల ఎత్తలేదు. "ఈ ఏడు రొయ్య బాగా పడతాదంటున్నారు," అన్నారు.

చెవుడేమో అనుకున్నాను.

నమోదు 12, రేవతి కార్తె

చెట్టుకు కొత్త ఆకు వచ్చింది. లేత ఎరుపు, తర్వాత పచ్చ. చూడటానికి రెండు కళ్లూ చాలవు.

ఇంకో సంగతి. మా ఆయన ఇప్పుడు ఒడియాలకు కంచె దాటి వెళ్లడం లేదు. పెరట్లోనే ఎండ దొరుకుతోందట. "చూశావా, నా మోకాళ్లను చూసి జాలిపడి ఎండే దగ్గరకొచ్చింది," అని సంతోషం. నేనూ నవ్వాను. అన్నం వడ్డిస్తూ ఉండగా నవ్వు ఆగిపోయింది.

ఎండ ఎందుకు దగ్గరకొస్తుంది?

మేడల్లో వెలుగు పైకప్పులోంచి వస్తుంది. పొద్దున్నా సాయంత్రమూ, ఎండాకాలమూ చలికాలమూ, ఆ దీపం అక్కడే. బల్ల నీడ బల్ల కిందే. పుట్టిన దగ్గర్నుంచీ నీడ అంటే కదలనిదని అనుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రానికి ఇక్కడ కదులుతుందని వచ్చిన మర్నాడే చూశాను, కానీ మధ్యాహ్నం నీడ మధ్యాహ్నం నీడే కదా, ఏ రోజైనా ఒకటే కదా అనుకున్నాను. బులిరాజు ఇళ్లను చలికాలంలోనే ఎందుకు చూపిస్తాడో నాకు ఇప్పుడు అనుమానం వచ్చింది.

రేపు పన్నెండింటి పడవ కూత వేయగానే నీడ అంచున వెదురు మేకు పాతుతాను.

నమోదు 14, రేవతి కార్తె చివర

మేకులు వరసగా ఇంటి వైపు నడిచి వస్తున్నాయి. ఏ రోజు మేకు కిందటి రోజు మేకుకన్నా ఇంటికి దగ్గర. ఒక్కటీ వెనక్కి పోలేదు.

ప్రకాశం గారికి చూపించాను. ఆయన మేకుకీ మేకుకీ మధ్య అడుగులేసి కొలిచారు. తర్వాత, "ఎక్కడ ఆగుతుంది?" అన్నారు.

"అదే చూడాలి," అన్నాను.

గవర్రాజు గారి వరండాకి వెళ్లాను. చుట్టూ తిప్పకుండా అడిగాను. "అన్నయ్యగారూ, మా నీడ వెనక్కి లాగేసుకుంటోంది. రోహిణికి వంటగది ఎండలో పడుతుందా, పడదా?"

"చెల్లెమ్మా, కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"మజ్జిగ వద్దు, జవాబు కావాలి."

ఆయన నది వైపు చూశారు. అటు చూస్తూనే, "కనిపెట్టేశావు కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు," అన్నారు. "చలికాలంలో సూర్యుడు దక్షిణాన ఏటి వైపుంటాడు, నీడ ఇటు ఉత్తరానికి పడతాది. ఎండలు ముదిరేకొద్దీ నెత్తి మీదకొత్తాడు. రోహిణికి నెత్తి కూడా దాటేసి, ఇటు ఉత్తరానికొచ్చేత్తాడు. అప్పుడు నీడ ఏటి వైపుకి జరుగుతాది. మీ ఇల్లు మానుకి ఉత్తరాన ఉంది. వంటగది ఎండలోకొచ్చేత్తాది."

"ఈ మాట నేను వచ్చిన రోజు చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"మద్దిరేవులో చెప్పకూడదమ్మా. కొత్తగా వచ్చినోళ్లు నీడని వాళ్లే కనిపెట్టాలి. ఎవరైనా చెప్పారంటే, ఆ చెప్పినోళ్ల పట్టా వెనక్కెళ్లిపోద్ది, ఏటేటా మళ్లీ కొలతే. మొదట్లో నీడ చూసుకోనోళ్లు ఎండలో మిగిలిన ఇళ్లల్లో పడుకుని లేవలేదు. చెబితే ఇంటారు, ఇని మర్చిపోతారు. కనిపెట్టినోడు మర్చిపోడు. నాకూ ఎవరూ చెప్పలేదు."

"ఆ ఇంట్లో మా ముందు ఎవరున్నారు?"

ఆయన జవాబు చెప్పడానికి తన చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టాల్సి వచ్చింది. "ముగ్గురొచ్చారు. ముగ్గురూ కొలత తప్పి పడవెక్కేశారు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పు కాలికి సగమే ఎక్కించుకుని ఇంటికి వచ్చేశాను. ముగ్గురూ ఆ కిటికీ తెరిచి ఉంటారు, మూసి ఉంటారు, మళ్లీ తెరిచి ఉంటారు.

నమోదు 15, అశ్వని కార్తె

ప్రకాశం గారి సలహా: వంటగది కోసేద్దాం. వరండాలో వండుకుందాం.

కుదరదు. రేవు దగ్గర రాతి మీద చెక్కి ఉంది, వెళ్లి చదివాను. కొలతకు ముందు ఇంటిని కోయకూడదు, ఇంటికి కలపకూడదు, చెట్టుకు గాయం చేయకూడదు. ఇదివరకు జనం కొలత రోజుకి ఇంటిని సగం పీకేసి, పట్టా రాగానే ఎండలోకి మళ్లీ కట్టుకునేవారట. అందుకే ఆ నిబంధన. న్యాయంగానే ఉంది, అందుకే ఇంకా కోపంగా ఉంది.

ఇంకో దారి ఉంది. గవర్రాజు గారి నిద్రగన్నేరు మాకు ఉత్తరాన ఉంది. రోహిణిలో దాని నీడ మా వంటగది మీదకు వచ్చేలా ఉంది. ఆయన తన నీడ కొంత మాకు రాసిస్తే సరిపోతుంది. అడగడానికి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఒకరి నీడ అడుక్కుని దాని కింద వంట చేసుకోవడానికి రాలేదు నేను.

సాయంత్రం ఇంటి కిందకు దూరి, స్తంభాలు రాళ్ల మీద ఎలా కూర్చున్నాయో చూశాను. ఊరికే కూర్చున్నాయి. వరద వస్తే నీళ్లు కిందనుంచి పోవాలని పునాది లేదు, మేకు లేదు. నాలుగు గోడలు, నేల, పైకప్పు, కింద ఆధారం. నేను ముప్పై ఏళ్లు ఇలాంటి పెట్టెలనే పైకీ కిందకీ నడిపాను. ఇది అడ్డంగా నడవాల్సిన లిఫ్టు, అంతే.

రాతి మీద కోయకూడదని ఉంది. కలపకూడదని ఉంది. కదపకూడదని లేదు.

నమోదు 17, భరణి కార్తె

ఇంటికీ మద్ది మానుకీ మధ్య కావలసినంత ఖాళీ ఉంది. వంటగది వెడల్పు కన్నా కాస్త ఎక్కువ దక్షిణానికి జరిపితే చాలు. వేళ్లకు దెబ్బ తగలకుండా మట్టి మీద తాటి దూలాలు పరవాలి, వాటి మీద గుండ్రటి దుంగలు, దుంగల మీద ఇల్లు. మానుకు తాడు కట్టకూడదు. రేవులో పడవలు కట్టే రెండు రాతి స్తంభాలున్నాయి, మానుకి అటొకటీ ఇటొకటీ. గిలకలు అక్కడ కడతాను.

పాత డ్యూటీ స్నేహితులకు కబురు పెడితే, మేడల్లో పారేసిన లిఫ్టు తాళ్లూ గిలకలూ పడవలో పంపించారు. జాకీలు కూడా. తాడు చేత్తో పట్టుకోగానే వాసన తెలిసింది. ఆ నల్లటి జిడ్డు నా జీవితమంతా గోళ్లలో ఉంది.

ప్రకాశం గారు మొదట నాకు మతి పోయిందన్నారు. రెండో రోజు దుంగల బెరడు చెక్కారు. మూడో రోజు ఏ దుంగ ముందు పెట్టాలో నాకు చెప్పడం మొదలుపెట్టారు. ఎండలో పని చేయలేం, తెల్లవారగానే మొదలుపెట్టి పొద్దెక్కకముందే ఆపుతున్నాం. ఈలోగా మేకులు వంటగది గోడ దాకా వచ్చేశాయి. గోడ అప్పుడే చేయి పెట్టలేనంతగా కాలుతోంది.

నమోదు 20, కృత్తిక కార్తె

ఇల్లు దుంగల మీదకు ఎక్కింది. ఈ రోజు లాగాం. కదల్లేదు.

గిలకలు బాగానే ఉన్నాయి, తాడు బాగానే ఉంది. ఇద్దరం లాగితే చాలదు, అంతే. నేను లెక్క తప్పాను. మేడల్లో నేను లాగినప్పుడల్లా అవతలి వైపు సమానమైన బరువు వేలాడుతూ నాకు సాయం చేసేది. ఇక్కడ అవతల ఎవరూ లేరు. చేతులు బొబ్బలెక్కాయి. ప్రకాశం గారు బొబ్బలకు కొబ్బరి నూనె రాస్తూ, "పోనీలే మంగతాయారూ," అన్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. అలా పిలిచారంటే వెళ్లిపోవడానికి సిద్ధపడ్డారన్నమాట.

"పోనీయను," అన్నాను.

నమోదు 21, కృత్తిక కార్తె

తెల్లవారేసరికి గవర్రాజు గారు తాడు దగ్గర నిలబడి ఉన్నారు. వెనక రేవులోని పడవవాళ్లు, అవతలి వీధి ఆడవాళ్లు.

"మీకు పట్టా పోతుందేమో," అన్నాను. కోపం ఇంకా తగ్గలేదు నాకు.

"చెప్పకూడదని ఉంది గానీ లాగకూడదని ఎక్కడుంది చెల్లెమ్మా? నువ్వే కదా రాయి చదివావు!" అన్నారు.

ప్రకాశం గారు ఒడియాల డబ్బాలు పగిలిపోతాయని ఇంట్లోనే కూర్చుంటానన్నారు. ఆయన్ని దించడానికి తాడు లాగినంత కష్టపడ్డాం. తర్వాత గవర్రాజు గారు హైలెస్సా అని ఎత్తుకున్నారు. పడవ ఒడ్డుకు లాగినట్టే లాగారు. నేను పక్కన నడుస్తూ దుంగలు చూసుకున్నాను. ఒకచోట దుంగ అడ్డం తిరిగి ఇల్లు వాలింది, అందరూ అరిచారు, నేను జాకీ దూర్చి నిలబెట్టాను. మళ్లీ హైలెస్సా. ఇల్లు కిర్రుమంటూ కదిలింది. కిటికీ తలుపు దానంతటదే తెరుచుకుంది.

పొద్దెక్కేసరికి స్తంభాలు కొత్త రాళ్ల మీద కూర్చున్నాయి. అందరికీ ఉప్మా, ఒడియాలు. ఒడియాలు బాగున్నాయని గవర్రాజు గారు అన్నప్పుడు మా ఆయన ముఖం చూడాలి.

నమోదు 24, రోహిణి కార్తె

నీడ అమీను మెహరున్నీసా గారు పడవలో వచ్చారు. సన్నటి మనిషి, తక్కువ మాట. ఇంటి చుట్టూ తిరిగి, పాత రాళ్లు నిలబడిన చోటు చూశారు.

"ఇల్లు జరిగిందే," అన్నారు.

"జరిగింది మేడమ్. కోయలేదు, కలపలేదు. చెట్టు చూసుకోండి."

ఆమె మాను చుట్టూ తిరిగి బెరడు తడిమారు. రేవులో జనమంతా చుట్టూ చేరి చూస్తున్నారు. ప్రకాశం గారు నా కొంగు పట్టుకున్నారు, అంతమందిలో.

పన్నెండింటి కూత. పైన ఆమె ఎగరేసిన కొలత డేగ యంత్రం గిర్రున తిరిగి నిలిచింది. నేల మీద నీడ అంచు వెంట ఎర్రటి వెలుగు గీత గీసింది. గీత పాత వంటగది ఉన్న చోటును నిలువునా కోసుకుంటూ పోయింది. అక్కడ ఇప్పుడు ఉత్త ఇసుకే ఉంది. మా కొత్త గోడ గీతకు ఇవతల ఉంది. గాలి వీచింది, కొమ్మ ఊగింది, గీత గోడ దాకా వచ్చి ముట్టుకుంది. గాలి ఆగింది. గీత వెనక్కి వెళ్లి నిలిచింది.

మెహరున్నీసా గారు గీత మీద తన చేత్తోనే ముగ్గు పోశారు. "లోపలే ఉంది," అన్నారు. పట్టా ఇస్తూ, "రాతి మీద ఇంకో వాక్యం చెక్కించాలేమో," అని ఒక్కసారి నవ్వారు.

నేను అందరి ముందూ ఏడ్చాను. ఈసారి ముఖం తుడుచుకోలేదు.

నమోదు 41, మళ్లీ పూర్వాషాఢ కార్తె

చలి వచ్చింది. నీడ మళ్లీ కంచె దాకా వెళ్లింది. మా ఆయన మళ్లీ ముసుగు కప్పుకుని ఒడియాలు మోసుకుని ఇసుకలోకి పోతున్నారు.

ఈ పొద్దున బులిరాజు పడవ దిగాడు. వెంట ఒక అమ్మాయి, పేరు ఎస్తేరు. తల్లిని చెయ్యి పట్టుకుని దించింది. మాకు రెండిళ్ల అవతల ఖాళీగా ఉన్న ఇల్లు చూడ్డానికి వచ్చారు. అది కూడా దాని మానుకు ఉత్తరానే ఉంది.

"చూడండమ్మా, నీడ పెరడంతా ఎలా పరుచుకుందో!" అంటున్నాడు బులిరాజు.

ఎస్తేరు ఆ మాట వినడం లేదు. కిటికీ తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

నేను ఇంట్లోకి వెళ్లి మిగిలిన వెదురు మేకులు తీసుకుని బయల్దేరాను. గవర్రాజు గారు వరండాలోంచి చూసి, వల వదిలేసి గబగబా ఎదురొచ్చారు.

"చెల్లెమ్మా, వద్దు. పట్టా ఎనక్కి తీసేసుకుంటారు. ఏటేటా కొలుత్తారు. చెట్టు ముసలిదవుతాది, నీడ తగ్గుతాది, ఆలోచించుకో."

"ఆలోచించాను అన్నయ్యగారూ. వాళ్లు కనిపెట్టాలంటే ముందు చూడాలని తెలియాలి కదా. పైకప్పు దీపాల కింద పుట్టినవాళ్లకి అదెవరు చెబుతారు?"

ఆయన దారికి అడ్డంగా నిలబడ్డారు. పక్కకు జరగలేదు. నేనే చుట్టూ తిరిగి వెళ్లాను.

"అమ్మాయ్," అన్నాను ఎస్తేరుతో, "నేను మంగతాయారుని. ఆ మద్ది చెట్టు ఇల్లు మాది. ఈ నీడని నమ్మకు. రోహిణికి ఇది ఏటి వైపు జరిగిపోతుంది, నీ వంటగది ఎండలో పడుతుంది. ఇవిగో మేకులు. పన్నెండింటి కూత వినపడగానే నీడ అంచున పాతుతూ ఉండు. మీ ఇల్లు కూడా జరపాల్సి వస్తుంది, తాళ్లూ గిలకలూ మా ఇంట్లో ఉన్నాయి."

ఎస్తేరు తల్లి నా చేతిలో మేకుల వైపు చూసింది. ఎస్తేరు వాటిని రెండు చేతులతో తీసుకుంది.

వెనకనుంచి గవర్రాజు గారి గొంతు వినిపించింది. కోపం కాదు, భయమే అందులో ఎక్కువ. "ఇన్నాక అమీను గారికి నేను చెప్పాల్సొత్తాది చెల్లెమ్మా. ఏటేటా వచ్చి కొలుత్తారు మరి!"

"చెప్పండి అన్నయ్యగారూ," అన్నాను. "ఏటేటా వచ్చి కొలవమనండి. మా ఇల్లు కదులుతుంది."